చెప్పుల దగ్గర మా బావగారు

ఆయన పోయిన రోజు వాళ్ళ గుమ్మం ముందు నా చెప్పులు పోయాయి.

పెనుగొండలో మా అక్కావాళ్ళ వీధి అసలే సన్నం. ముప్ఫై ఏళ్ళు పురుగుమందుల కొట్టు నడిపిన మనిషి కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళ రైతులంతా వచ్చారు. గుమ్మం ముందు చెప్పులు ఒకదాని మీద ఒకటి, ఎవరివి ఎవరివో తెలియకుండా కుప్పగా పడి ఉన్నాయి. నేను దండ వేసి, అక్క పక్కన చాలాసేపు కూచుని బయటికొచ్చేసరికి నావి లేవు. చావింటి ముందు చెప్పులు వెతుక్కోవడం మర్యాద కాదు కదా. ఆకాశంకేసి చూస్తున్నట్టు మొహం పెట్టి, కాలి బొటనవేలితో ఆ కుప్పంతా కెలికాను. పక్కన ఇంకో పెద్దమనిషి కూడా ఆకాశంకేసే చూస్తున్నాడు. ఆయన బొటనవేలూ పనిలోనే ఉంది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. శవం దగ్గర రాలేదు. అక్క నా భుజం మీద పడి ఏడ్చినప్పుడు కూడా రాలేదు. దిక్కూమొక్కూ లేకుండా పడున్న ఆ కుప్పని చూస్తే వచ్చేసింది. ఆ పెద్దమనిషి నా వీపు నిమిరి, గొంతు తగ్గించి, "కొత్తవాండీ?" అని అడిగాడు.

"కొత్తవేనండి," అన్నాను.

లోపల పడుకుని ఉన్నాయన లేచి వచ్చి ఇక్కడ కూచుంటే ఒక్క జత కూడా పోయేది కాదని ఆయనకెలా చెప్పను?

అక్క పెళ్ళినాటికి నాకు పదమూడేళ్ళు. అప్పటికే ఎనిమిదో తరగతీ నేనూ ఒకరి మీద ఒకరు ఆశ వదులుకున్నాం. బడి మానేసినవాడికి మిగిలిన విద్య వేళాకోళమొక్కటే. దాన్ని సాధన చేసుకోడానికన్నట్టు ఇంటికి కొత్త బావ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడ ముందుకి వంచి, ఎప్పుడూ నేలకేసి చూస్తూ నడిచేవాడు. "ఏంటి బావా, ఏమన్నా పడేసుకున్నావా?" అన్నాను మొదటిరోజే.

"లేదురా, నీ చదువు ఎక్కడన్నా పడుందేమోనని చూస్తున్నా," అన్నాడు, తల ఎత్తకుండానే.

ఈయనతో జాగ్రత్తగా ఉండాలని అప్పుడే అనుకున్నాను. కానీ ఆ నడకని అనుకరించడం మాత్రం మానలేదు. ఇంట్లో ఏ శుభకార్యమైనా, భోజనాలయ్యాక నేను మెడ వంచి నాలుగడుగులు వేస్తే చాలు, ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. ఆయన కూడా చూసేవాడు. "ఎడం కాలు ఇంకాస్త ఈడ్చాలిరా," అని దిద్దేవాడు.

పెళ్ళయిన నెలకి అందరం వ్యాను మాట్లాడుకుని సామర్లకోట భీమేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. గుడి ముందు దిగి, చెప్పులు విడిచి, అందరం గుమ్మంకేసి కదిలాం. కొత్తల్లుడు కదల్లేదు.

"మీరెళ్ళి రండి. చెప్పుల దగ్గర నేనుంటాను."

మా అమ్మ కంగారుపడిపోయింది. "అదేంటి అల్లుడుగారూ, ఇంతదూరమొచ్చి దర్శనం చేసుకోకుండానా?"

"మీరు చేసుకోండి అత్తయ్యగారూ. నాకిక్కడ బావుంది."

మేం తిరిగొచ్చేసరికి గోడ నీడలో గొంతుక్కూచుని ఉన్నాడు. మా ఎనిమిది జతలూ గోడ వెంట వరసగా ఉన్నాయి. అమ్మవి నీడలోకి జరిపి పెట్టాడు. నావి మాత్రం ఎండలో ఉన్నాయి. కాళ్ళు కాలి నేను గంతులేస్తుంటే, "ఏంట్రా, స్వామి పూనాడా?" అన్నాడు.

ఆ తరవాత అన్నవరం వెళ్ళినా అంతే, ద్రాక్షారామం వెళ్ళినా అంతే. కాశీదాకా రైల్లో వెళ్ళి విశ్వేశ్వరుణ్ణి చూడకుండా వచ్చిన మనిషి మా బావగారొక్కడే. సందు చివర టీ కాచేవాడికి ఎంతమంది ఆడపిల్లలో, పెద్దదాని సంబంధం ఎందుకు తప్పిపోయిందో మాత్రం వివరంగా చెప్పాడు. ఆయనకి హిందీ ముక్క రాదు. నేను ఆయనకి దేవాదాయ శాఖ మంత్రిగారని పేరు పెట్టాను. పేరు ఊళ్ళో పాకింది. కొట్టుకొచ్చే రైతులు కూడా, "మంత్రిగారూ, తెల్లదోమకి ఏదన్నా మంచి మందివ్వండి," అని అడిగేవాళ్ళు. ఆయనకి కోపమొచ్చేది కాదు. "శాఖ మార్చారా వీళ్ళు? నేను వ్యవసాయం కాదే," అనేవాడు.

ఒకసారి గట్టిగా పట్టుకుని అడిగాను. "నిజం చెప్పు బావా. లోపలికెందుకు రావు?"

"నేను లోపలికొస్తే మీ అందరి ధ్యాసా చెప్పుల మీదుంటది. నేనిక్కడుంటే దేవుడి మీదుంటది. ఎనిమిది మంది ధ్యాస పెద్దదా, నా ఒక్కడి దర్శనం పెద్దదా?"

"అది పైకి చెప్పే మాట. అసలుది చెప్పు."

చెప్పుల వరస ఒకసారి సర్దాడు. "లోపల తోస్తార్రా. నన్నెవడన్నా తోస్తే నాకు కోపమొస్తది. దేవుడి ముందు కోపం దేనికి చెప్పు?"

రెండిట్లో ఏది అసలుదో నాకిప్పటికీ తెలీదు. మనిషిని మొహం చూసి ఆనవాలు పట్టడం కూడా ఆయనకి తక్కువే. పెళ్ళిళ్ళలో ఎవరన్నా పలకరిస్తే ముందు వాళ్ళ కాళ్ళకేసి చూసి, అప్పుడు, "ఆయ్, మీరాండీ!" అనేవాడు. "అత్తయ్యగారి ఎడం చెప్పు లోపలి వైపు అరిగిపోతోందిరా, మోకాలు ఒకసారి చూపించండి," అని ఆయనంటే నేను నవ్వాను. ఆర్నెల్లకి డాక్టరు అదే మాట ఫీజు తీసుకుని చెప్పాడు.

నా పెళ్ళిచూపులకి రావులపాలెం వెళ్ళినప్పుడు కూడా ఆయన లోపలికి రాలేదు. నేను స్వీటూ హాటూ తిని, ఆ పిల్లకేసి చూడాలా వద్దా అని చెమటలు కక్కుకుని బయటికొస్తే, "సంబంధం ఖాయం చేసుకోండి," అన్నాడు అమ్మతో.

"మీరు పిల్లని చూడనేలేదు కదండీ!"

"గుమ్మంలో అయిదు జతలున్నాయి అత్తయ్యగారూ. అయిదూ కుట్టించుకు వాడుతున్నవే. ఈ ఇంట్లో తెగినదాన్ని పారేసే అలవాటు లేదు. మీవాణ్ణి కూడా భరిస్తారు."

ఇరవై ఏళ్ళు దాటింది. మా ఆవిడ ఇంకా భరిస్తూనే ఉంది.

ఇక సింగపూరు సంగతి. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. ఎక్కువ సరుకు అమ్మిన కొట్లవాళ్ళని పురుగుమందుల కంపెనీవాళ్ళు విదేశం తిప్పే రోజులు. ఆ ఏడు మా బావగారి వంతొచ్చింది. ట్రిప్పు గెలిచింది ఆయన, నడిపింది మా అక్క. కంపెనీ ఇద్దర్ని రమ్మంటే, అమ్మనీ, నన్నూ, మా ఆవిణ్ణీ కలుపుకుని అయిదుగుర్ని బయల్దేరదీసింది. అక్క చరిత్రలో డిగ్రీ చేసింది. పెళ్ళయ్యాక ఆ చదువుని వాడే అవకాశం పెనుగొండలో దొరకలేదు. అందుకని మిగతా కొట్లవాళ్ళంతా షాపింగ్‌కి పోతే, అక్క హోటల్లో ఇచ్చిన మ్యాపు పట్టుకుని మమ్మల్ని పాత కోట దగ్గరికీ, దొరల విగ్రహాల దగ్గరికీ, యుద్ధాల్లో పోయినవాళ్ళ స్మారకాల దగ్గరికీ తిప్పింది. చూసినదానికి చూసినట్టు మ్యాపు మీద పెన్నుతో టిక్కు పెట్టేది. కారు డ్రైవరు తమిళాయన. మేం మాట్లాడే తెలుగులో సగం అర్థం చేసుకుని, మిగతా సగం ఊహించుకునేవాడు.

మొదటి రోజు మా బావగారు దిగాలుగా ఉన్నాడు. కోట దగ్గరా విగ్రహాల దగ్గరా అందరూ బూట్లతోనే తిరుగుతున్నారు. చెప్పులు విప్పే చోటే లేదు. పని లేని మనిషిలాగ మా వెనకాల చేతులు ఊపుకుంటూ నడిచాడు.

రెండో రోజు ఊరి మధ్యలో ఎత్తైన తెల్ల స్తంభాలున్న చోటికి వెళ్ళాం. "ఇక్కడ ఏం దేవుడే?" అంది అమ్మ.

"దేవుడు కాదమ్మా. యుద్ధంలో చచ్చిపోయిన మామూలు జనం గుర్తుగా కట్టారు."

అమ్మ నిలబడ్డ చోటే చెప్పులు విడిచేసింది.

"అమ్మా, ఇక్కడ అక్కర్లేదే!"

"నీకక్కర్లేకపోతే ఉంచుకో. పోయినవాళ్ళ దగ్గరికి చెప్పులతో వెళ్తామా? మనవాళ్ళు కాకపోతే మాత్రం?"

దాంతో అందరం విడిచాం. మా బావగారి మొహం వెలిగిపోయింది. "మీరెళ్ళి రండి," అని చెట్టునీడ చూసుకుని కూచున్నాడు. మేం తిరిగొచ్చేసరికి ఆయన ముందు పదకొండు జతలున్నాయి. మావి నాలుగు. మిగతావి తెల్లవాళ్ళవీ చైనావాళ్ళవీ. మేం విప్పడం చూసి అదే అక్కడి రూలు అనుకుని వాళ్ళూ విప్పేసి, ఆయన్ని ఏదో అడిగారట. "నో ప్రాబ్లం" అన్నాడట. ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా అదే. ఒక గార్డు వచ్చి కాస్త దూరంలో నిలబడి తల గోక్కుంటున్నాడు. ప్రతిదానికీ ఒక రూలుండే ఆ ఊళ్ళో చెప్పుల కాపలాకి రూలు రాయడం మర్చిపోయినట్టున్నారు.

నేల మీద సామాన్లు వదిలేయకూడదని డ్రైవరు భయపెట్టడంతో, ఆ సాయంత్రం నుంచి బావగారు మా చెప్పుల్ని తన కొట్టు గుడ్డసంచీలో వేసుకుని భుజాన తగిలించుకునేవాడు. సరిగ్గా ఆ సంచీ చూసే నాకో గొప్ప ఆలోచన వచ్చింది. పాస్‌పోర్టులన్నీ హోటల్ గదిలో లాకర్లో పెట్టమని అక్క నాకిచ్చింది. ఆ లాకరు అంకెలు నొక్కితే తెరుచుకునే రకం. అంకెలకీ నాకూ ఎనిమిదో తరగతి నుంచీ పడదు. మర్చిపోతే? అందుకని అయిదు పాస్‌పోర్టులూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బావగారి సంచీలో అట్టడుగున పెట్టాను.

"ప్రపంచంలో ఏ దొంగైనా చెప్పుల సంచీ ముట్టుకుంటాడా బావా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పుట్టాక మొదటిసారి వాడావురా బుర్ర. మీ అక్కకి మాత్రం చెప్పకు."

ఆఖరి రోజు రాత్రి ఎనిమిదింటికి విమానం. మధ్యాహ్నానికి అక్క మ్యాపు మీద టిక్కు పడనిది ఒక్కటే మిగిలింది. ఊరికి దూరంగా చిన్న గుట్ట, దాని మీద యుద్ధంలో పోయిన సైనికుల స్మారకం. పచ్చగడ్డిలో తెల్లరాళ్ళు వరసలు వరసలుగా, పైన గోడల నిండా పేర్లు. గేటు దగ్గర మెట్ల మీద బావగారు కూచున్నాడు. మేం చెప్పులిచ్చి పైకెక్కుతుంటే, కోటు మీద పతకాలు తగిలించుకున్న తెల్ల ముసలాయనొకడు చేతికర్రతో వచ్చి, మా ఉత్త కాళ్ళకేసి చూసి ఆగాడు. మెట్టు మీద కూచుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలెట్టాడు. ఎనభై దాటి ఉంటాయి. ఒక్కో తాడుకీ ఒక యుగం పట్టింది. బూట్లు మా బావగారి పక్కన పెట్టి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. బావగారు కూడా లేచి కొట్టాడు. పురుగుమందుల కొట్లో సెల్యూట్ ఎక్కడ నేర్చుకున్నాడో తెలీదు.

పైన అక్క రాళ్ళ మీద వయసులు చదివింది. పందొమ్మిది, ఇరవై రెండు, ఇరవై. అమ్మ ప్రతిదానికీ "అయ్యో నాయనా" అంది. అన్ని రాళ్ళకీ అనేసరికి ముప్పావు గంట పట్టింది.

దిగొచ్చి చూస్తే మెట్ల మీద బావగారు లేడు. సంచీ లేదు. తెల్లాయన బూట్లూ లేవు.

"ఏ టీ కొట్టువాడితో కబుర్లేసుకున్నాడో," అంది అక్క విసుగ్గా. అక్కడ టీ కొట్టు లేదు. కారు దగ్గర డ్రైవరున్నాడు. ఆయన చూడలేదన్నాడు. రాతిమెట్లు నిప్పుల్లా ఉన్నాయి. నలుగురం గడ్డిలోకి పరిగెత్తి నిలబడ్డాం. డ్రైవరు తన చెప్పులు అమ్మకివ్వబోయాడు. "వద్దు నాయనా, నువ్వు కారు తొక్కాలిగా," అంది అమ్మ.

అరగంటయింది. మా ఫోన్లు ఆ దేశంలో పలికేవి కావు, ఆయన దగ్గరైతే అసలు ఫోనే లేదు. అక్క విసుగు మెల్లగా వేరే రకంగా మారుతోంది. నేను మాత్రం అప్పటికే అయిదు పాస్‌పోర్టులూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను.

"అక్కా, ఒక మాట చెప్తాను. కొట్టకూడదు."

"ముందు చెప్పు."

"పాస్‌పోర్టులు లాకర్లో లేవు. సంచీలో ఉన్నాయి. చెప్పుల కింద."

"అయిదూనా?" అంది మా ఆవిడ నీరసంగా.

"అయిదూ."

అక్క కొట్టే దూరంలోనే నిలబడ్డాను. ఎలాగూ తప్పదని. అక్క కొట్టలేదు.

"పాస్‌పోర్టులు పోతే పోయాయిరా. మనిషేడి? భాష రాదు. హోటలు పేరు తెలీదు. జేబులో కాయితం ముక్క లేదు. షుగరు మాత్ర వేసుకుని పొద్దున్న ఒక్క ఇడ్లీ తిన్నాడు. ఎక్కడన్నా కళ్ళు తిరిగి పడితే చెప్పుల సంచీ అడుక్కి ఎవరు చూస్తారు, ఈయన ఎవరంటే ఎవరు చెప్తారు?"

అమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. అక్క ఎవరికేసీ చూడకుండా అంది: "ఇరవయ్యేళ్ళమ్మా. వెళ్ళిన ప్రతిచోటా ఆయన్ని బయటే వదిలేసి వెళ్ళాను. రండి అని ఒక్కసారి చెయ్యి పట్టుకు లాగలేదు."

దేవాదాయ శాఖ అన్నవాణ్ణి నేను. ఆ క్షణాన నాకు ఒక్క జోకు కూడా తట్టలేదు. ఆయన్ని వెతకడమన్నా చేద్దామని కాలే రోడ్డు మీద గుట్ట చుట్టూ పడ్డాను. కింద వైపు ఇంకో గేటుంది. అక్కడ గడ్డి కోస్తున్న చైనా తోటమాలిని పట్టుకున్నాను. ఏ భాషలో అడగాలి? మెడ ముందుకి వంచి, నేలకేసి చూస్తూ, ఎడం కాలు కాస్త ఈడుస్తూ నాలుగడుగులు వేశాను. ఆ నడకని జీవితంలో మొదటిసారి నవ్వించడానికి కాకుండా నడిచాను. ఎడం కాలు ఎంత ఈడ్చాలో సరిగ్గా అంతే ఈడ్చాను.

తోటమాలి కళ్ళు పెద్దవయ్యాయి. వెంటనే మిషను ఆపి, తన బూటొకటి విప్పి, దాన్ని గాల్లో పైకెత్తి పట్టుకుని, పెద్ద రోడ్డుకేసి నాలుగడుగులు పరిగెత్తి చూపించాడు. చేతులు చక్రంలా తిప్పి, "బస్, బస్" అన్నాడు.

బావగారు బూటు పట్టుకుని బస్సు వెనకాల పరిగెత్తాడన్నమాట. బతికున్నాడు, పరిగెత్తాడు, అంతవరకు మంచిదే. పరిగెత్తి ఎక్కడికెళ్ళాడు? వెనక్కొచ్చి చెప్పాను. ఇంకో గంట చూసి పోలీసుల దగ్గరికి వెళ్దామన్నాడు డ్రైవరు. ఆ గంట గడ్డిలో కూచుని వచ్చే ప్రతి బండికేసీ చూశాం. బండి బండికీ అక్క లేచేది, మళ్ళీ కూచునేది.

మూడు దాటాక ఒక టాక్సీ వచ్చి గేటు ముందు ఆగింది. ముందు సీట్లో, డ్రైవరు పక్కన, సంచీ ఒళ్ళో పెట్టుకుని, మా బావగారు. దిగి, ఒంగి టాక్సీవాడికి చెయ్యూపి, మాకేసి తిరిగి మొట్టమొదట అన్న మాట:

"అత్తయ్యగారికి కాళ్ళు కాలాయేంటి?"

అక్క ఆయన దగ్గరికెళ్ళి నిలబడింది. తిట్టడానికి నోరు తెరిచింది. ఆయన చొక్కా భుజం మీద సంచీ పట్టీ మడతపడి ఉంటే, అది సరిచేసింది. అంతే. నేనైతే గడ్డిలో చతికిలబడ్డాను.

"ఎక్కడికెళ్ళిపోయావు బావా!"

"ఆ పెద్దాయన బూట్లురా," అన్నాడు. "ఎండకి కళ్ళు తిరిగినట్టున్నాయి. ఆయన తాలూకువాళ్ళు ఇద్దరు చెరో పక్కా పట్టుకుని కింద గేటు నుంచి బస్సెక్కించేశారు. నేను చూసేసరికి మేజోళ్ళ కాలు బస్సు మెట్టు మీదుంది. అరిచాను, వినపళ్ళేదు. నాకప్పజెప్పి వెళ్ళాడు కదా, ఎలాగ? టాక్సీ ఎక్కి బస్సుని చూపించాను."

"ఒక జత బూట్ల కోసం!" అంది మా ఆవిడ ఉండబట్టలేక. "అన్నయ్యగారూ, మేం ఇక్కడ చచ్చిపోయాం."

"వేరే చోట దిగారమ్మా, అక్కడా ఇలాంటిదే ఏదో ఉంది. పెద్దాయన వంగలేకపోతున్నాడు. నేనే తొడిగి తాళ్ళు కట్టాను. వాళ్ళ గైడమ్మాయి ఈ చోటు పేరు కాయితమ్మీద రాసి, డబ్బులతో సహా టాక్సీవాడికిచ్చింది. తినమని ఏదో బన్ను కూడా పెట్టింది."

"ఆయనేమన్నాడు?" అని అడిగాను.

"ఎవరు, పెద్దాయనా? చాలాసేపు మాట్లాడాడ్రా. నా చెయ్యి వదల్లేదు. ఏం చెప్పాడో నాకర్థం కాలేదు. నో ప్రాబ్లం అన్నాను."

సంచీ దింపి, ఒక్కొక్క జతా తీసి ఎవరివి వాళ్ళ ముందు పెట్టాడు. అందరివీ అయ్యాక అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. లెక్కపెట్టాను. అయిదూ ఉన్నాయి. రెండోసారి కూడా లెక్కపెట్టాను. డ్రైవరు చేతులు జోడించి పైకి చూసి ఏదో తమిళంలో అనుకున్నాడు. అక్క ఆ కవరు నా చేతిలోంచి లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. జిప్పు వేసిన శబ్దానికి అందరం ఊపిరి వదిలాం.

"ఇంక పదండి, టైమవుతోంది," అన్నాన్నేను.

"ఒక్క నిమిషం," అంది అమ్మ. మెట్టు మీద కూచుని, ఇప్పుడే తొడుక్కున్న చెప్పులు మళ్ళీ విడిచి పక్కన పెట్టుకుంది. "అల్లుడుగారూ, నేను మిమ్మల్ని ఇన్నేళ్ళలో ఏదీ అడగలేదు. మీరొకసారి లోపలికెళ్ళి చూసి రండి. మేమిక్కడ కూచుంటాం."

"ఎందుకులెండి అత్తయ్యగారూ..."

"వెళ్ళి రండి."

అత్తగారు ఇలా నోరు తెరిచి అడిగాక కాదనడం మా వైపు అల్లుళ్ళకి లేదు. ఆయన మాకేసీ, గుట్టకేసీ చూసి, చెప్పులు విడిచాడు. అక్క వాటిని తన పక్కకి జరుపుకుని కూచుంది. మెడ వంచుకుని మెట్లెక్కి ఒక్కడే పైకి వెళ్ళాడు. మేం నలుగురం ఆయన చెప్పుల దగ్గర కూచున్నాం. అక్కడ కూచుంటే తెలిసింది నాకు, లోపలికెళ్ళిన మనిషి కోసం ఎంతసేపు చూడాలో. చేతికి గడియారం ఉన్నా పనికిరాదు. నిమిషానికొకసారి అదే మెట్లకేసి చూస్తాం.

పావుగంటలో వస్తాడనుకున్నాం. అరగంట పట్టింది. దిగొస్తూ ఆయన నేలకేసి చూడటం లేదు. వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"ఎలా ఉంది బావా?" అన్నాను. ఏదో ఒకటి అంటాడు, నేనొకటి అంటాను, మళ్ళీ మామూలైపోతామని నా ఆశ.

"ఇంతమంది లోపలికెళ్ళార్రా," అన్నాడు. "ఒక్కడూ బయటికొచ్చి నా చెప్పులేవీ అని అడగలేదు."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్క లేచి, ఆయన చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

ఆయన వాటికేసి వంగి చూశాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. ఊళ్ళో అందరి చెప్పులూ ఆనవాలు పట్టే మనిషి.

"ఇవి నావేనా?"

"మీవే," అంది అక్క. "నేనే కాశాను కాపలా. వేసుకోండి, విమానం వెళ్ళిపోద్ది."